పేర్ల పెట్టెలో మొదటి పేరు

"తప్పు నాదే సార్. మీరు ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా అదే చెప్తాను."

పది గంటల ఇరవై నిమిషాలు. పావుగంటలో ఆ అమ్మాయి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. పోలీసు స్టేషన్ లోపలి గదిలో ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్ పుస్తకంలో నాలుగో గీత గీశాడు. ఆయన్ని అందరూ 'కళ్లజోడు' అంటారు. దగ్గర చూపుకొకటి, దూరపు చూపుకొకటి, రెండు జోళ్లు. ఒకటి ముక్కు మీద ఉంటే రెండోది నెత్తి మీద ఉంటుంది, అయినా రోజుకు పదిసార్లు "నా జోడేదీ?" అని జేబులు తడుముకుంటాడు. ముప్ఫై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చోలేక ఈ పనిలో పడ్డాడు. అబద్ధం చెప్పేవాళ్లను చాలామందిని చూశాడు. తన మీదికి తెచ్చుకోవడానికి ఇంత పట్టుదలగా అబద్ధం చెప్పే మనిషిని మాత్రం ఇదే చూడటం.

జరిగింది ఇది. మంగళవారం ఉదయం ఏడూ ఇరవై అయిదుకు, తవ్వుతున్న సొరంగం పడమటి పాయలో విషవాయువు కమ్మి ఇద్దరు కూలీలు చనిపోయారు. సొరంగానికి మూడు పాయలు: తూర్పు, మధ్య, పడమర. మూడింటిలో వాయువు ఎంతుందో యంత్రాలు కొలుస్తుంటాయి. ప్రతి షిఫ్టుకూ ముందు ఆ లెక్కలు మూడు గీతలుగా ఒక గ్రాఫు కాగితం మీదికి ఎక్కుతాయి. మేస్త్రీ ఆ కాగితం చూసి, వాయువు అన్నిటికన్నా తక్కువున్న పాయలోకి మనుషుల్ని పంపుతాడు. మంగళవారం నాడు అన్నిటికన్నా ఎక్కువున్న పాయలోకి పంపాడు.

ఆ గ్రాఫులు తయారుచేసేది ఈ అమ్మాయి. ఆ మేస్త్రీ ఈమె కన్నతండ్రి. చనిపోయిన ఇద్దరిలో ఒకడు ఈమె మేనమామ, భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మేనమామ.

"సరేనమ్మా, తప్పు నీదే," అన్నాడు కళ్లజోడు. "ఏం తప్పో కాస్త అర్థమయ్యేలా చెప్పు. కంప్యూటరంటే నాకు మీట నొక్కడం వరకే."

"గ్రాఫులో ఓ మూల చిన్న పెట్టె ఉంటుంది సార్. లెజెండ్ అంటాం. ఏ రంగు గీత ఏ పాయదో అందులో రాసుంటుంది. పేర్లు నేనే చేత్తో టైపు చేశాను. తూర్పు ఉండాల్సిన చోట పడమర, పడమర ఉండాల్సిన చోట తూర్పు పడ్డాయి. నాన్న నా కాగితాన్ని నమ్మాడు. అంతే."

"ఆ పెట్టె ఎక్కడుండాలో కూడా నువ్వే చెప్తావా?"

మూడు రోజులుగా నేలచూపులు చూస్తున్న ఆ కళ్లు మొదటిసారి పైకి లేచాయి. "అన్నీ మనమే చెప్పుకోవచ్చు సార్. ఏ మూల ఉండాలో, అక్షరాలు ఎంత లావుండాలో, చుట్టూ గీత ఉండాలా వద్దా, ఏ పేరు ముందు, ఏ పేరు వెనక... మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తన ఇష్టమొచ్చినట్టు పెట్టేస్తుంది. చాలామంది అలాగే వదిలేస్తారు. చదివేవాళ్ల తంటాలు చదివేవాళ్లవి."

"నువ్వు వదలవన్నమాట."

"నేనెందుకు వదుల్..." ఆ అమ్మాయి టక్కున నోరు మూసుకుంది. కళ్లు మళ్లీ నేలకు దిగాయి. "తప్పు నాదే సార్."

అయిదో గీత గీశాడు కళ్లజోడు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒకప్పుడు కళ్లజోడు కిందే పనిచేసి, ఆయన దగ్గరే సంతకం ఎలా పెట్టాలో నేర్చుకున్న మనిషి. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్నాడు కాబట్టి ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

"ఏం గురువుగారూ, అయిందా విచారణ? ఆ పిల్లే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకెందుకండీ ఈ యాతన? ఇంటికెళ్లి మనవళ్లతో ఆడుకోండి."

"ఆడుకుంటాను. ముందు ఆ కాగితం ఒకసారి చూపించు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి మంగళవారం గ్రాఫు బల్ల మీద పెట్టాడు. మూడు గీతలు. అన్నిటికన్నా పైన గోధుమరంగు గీత. మూల పెట్టెలో గోధుమరంగు పక్కన 'తూర్పు' అని, ఎరుపు పక్కన 'పడమర' అని ఉంది.

"బోర్డు మీద గుచ్చిన కాగితం ఇదేనా అమ్మా?"

"ఇదే సార్. ఎనిమిదీ పదికి నేనే తీసి వీళ్లకిచ్చాను."

"ఎన్ని గుండుసూదులతో గుచ్చుతారు?"

"నాలుగు. మూలకొకటి. గాలికి ఎగరకుండా."

కళ్లజోడు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఓ మూల చూశాడు. రెండో మూల చూశాడు. నెత్తి మీది జోడు దించి మళ్లీ చూశాడు. తర్వాత దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. నాలుగు మూలలూ నున్నగా ఉన్నాయి. ఒక్క సూది పోటు కూడా లేదు.

ఇన్‌స్పెక్టర్ మొహం ఒక్క క్షణం మాడిపోయింది. వెంటనే సర్దుకున్నాడు. "ఆ రోజు టేపు అంటించి ఉంటారు. ఇంత మాత్రానికేనా? పిల్ల సంతకం పెట్టింది. నాలుగు గంటలకి కోర్టులో హాజరు పరుస్తున్నాను. ఈలోగా మీరు ఆకాశం నుంచి ఏమన్నా దించుకొస్తే దించుకు రండి."

ఆ అమ్మాయి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కళ్లజోడు లేచి వెళ్తుంటే సన్నని గొంతుతో అంది: "సార్, వదిలేయండి. మీకు దణ్ణం పెడతాను. అమ్మ ఇప్పటికే తమ్ముణ్ని పోగొట్టుకుంది. ఇంకేమీ తవ్వకండి."

బయట బెంచీ మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. నిన్న సాయంత్రం కళ్లజోడు ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "మా అమ్మాయి పని నాకు తెలుసండీ. అది అట్లాంటి పొరపాటు చేసే పిల్ల కాదు. ఎవరో మార్చారు. పట్టుకోండి," అని ఏడ్చిన మనిషి ఆయనే. ఇప్పుడు కూతుర్ని చూడటానికి అర్జీ రాసిచ్చాడు. కానిస్టేబుల్ ఆ కాగితం మీద రెండు చోట్ల టిక్కులు పెట్టి ముందుకు తోశాడు. "ఆకుపచ్చది సారుది. మీరు ఎర్ర టిక్కు దగ్గర సంతకం పెట్టండి."

మేస్త్రీ కలం పట్టుకుని ఆగిపోయాడు. "పైదా, కిందదా?"

"కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా? కిందది!"

పాపం, మనసు మనసులో లేదు, అనుకున్నాడు కళ్లజోడు. ఆ మాట అక్కడితో మర్చిపోయాడు. మర్చిపోకుండా ఉండాల్సింది.

*

సొరంగం ముందు బోర్డు ఖాళీగా ఉంది. నాలుగు సూదులూ బోర్డుకే ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద గోరంత తెల్ల కాగితం ముక్క చిక్కుకుని ఉంది. ఎవరో కంగారులో లాగేసిన కాగితం మూల. అంటే అసలు గ్రాఫు ఇక్కడే ఉండేది. పోలీసులకు చేరింది తర్వాత అచ్చు వేసింది.

అసలుది పోయింది. మరి నకలు?

పన్నెండూ నలభైకి ఆయన ఫ్యాన్ల గది తలుపు తట్టాడు. సొరంగంలోకి గాలి తోసే పెద్ద ఫ్యాన్లను నడిపే ముసలాయన్ని అక్కడ అంతా గాలితాత అంటారు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఫ్యాన్ల హోరు మీదికి వినిపించేంత.

"గ్రాఫా? నాకూ ఓ కాపీ వస్తుంది బాబూ. లేకపోతే ఏ ఫ్యాను జోరుగా తిప్పాలో నాకెట్లా తెలుస్తుంది, కలలోకొచ్చి చెప్తారా? చూసుకున్నాక ఆ చువ్వకి గుచ్చేస్తాను."

గోడ పక్కన నిలువెత్తు ఇనప చువ్వ. దానికి కాగితాలు గుత్తంగా గుచ్చి ఉన్నాయి, నాలుగేళ్ల గ్రాఫులు. అన్నిటికన్నా పైన మంగళవారానిది. బుధ, గురువారాలు పని ఆపేశారు.

కళ్లజోడు దాన్ని మెల్లగా ఊడదీశాడు. మూడు గీతలు. పైన గోధుమరంగు గీత. మూల పెట్టెలో మూడు పేర్లు, తూర్పు, మధ్య, పడమర, ఆ వరసలో. ఎరుపు పక్కన తూర్పు. గోధుమరంగు పక్కన పడమర.

ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత గాలితాత చేతిరాతతో ఉన్న పుస్తకం తీయించాడు. మంగళవారం, ఉదయం అయిదున్నర, యంత్రం అంకెలు: అన్నిటికన్నా ఎక్కువ పడమర, అన్నిటికన్నా తక్కువ తూర్పు.

గ్రాఫు తప్పు కాదు. ప్రతి గీతా, ప్రతి పేరూ సరిగ్గా ఉంది. సరైన కాగితాన్ని మాయం చేసి, పేర్లు తారుమారు చేసిన తప్పుడు కాగితం ఒకటి తయారుచేసి, ఆ అమ్మాయి చేజేతులా పోలీసులకిచ్చింది.

ఎందుకు?

చువ్వ మీది తర్వాతి కాగితం తీశాడు. ఆదివారానిది. చూడగానే ఆయన చెయ్యి ఆగింది. ఇది వేరే మనిషి గీసినట్టుంది. గీతలు రంగులతోనే ఉన్నాయి, కానీ ఒకదాని మీద చిన్న చిన్న డబ్బాలు, ఒకదాని మీద సున్నాలు, ఒకదాని మీద ముక్కోణాలు. పేర్ల పెట్టె మూలన కాదు, కుడిపక్కన గీతలు ముగిసే చోటుకు ఎదురుగా ఉంది. లావుపాటి అక్షరాలు. పేర్ల వరస కూడా వేరు: మధ్య, పడమర, తూర్పు. అన్నిటికన్నా పైనున్న గీత మధ్య పాయది.

శనివారానిది తీశాడు. పెట్టెలో మొదటి పేరు తూర్పు, పైగీత తూర్పుది. శుక్రవారం మొదటి పేరు పడమర, పైగీత పడమరది. ఏ కాగితం తీసినా అంతే. గీతలు ఏ వరసలో ఉంటే పేర్లూ అదే వరసలో ఉన్నాయి. నాలుగేళ్లుగా, షిఫ్టు తర్వాత షిఫ్టు, ఆ అమ్మాయి ఆ పెట్టెను సరిచేసి పెట్టింది.

"మంగళవారం కాగితం వేరేలా ఉందే తాతా?"

"సోమవారం పని ఆపించి కంప్యూటరోళ్లొచ్చి ఏదో కొత్తది ఎక్కించారంట. దాంతో ఆ పిల్ల పెట్టుకున్నయ్యన్నీ ఎగిరిపోయుంటాయి. కాగితం దానంతటదే అచ్చవుతుంది కదా, పిల్ల ఎనిమిదింటికి గానీ రాదు. నాకేం ఇబ్బంది లేదులే. ఆ డబ్బాలూ సున్నాలూ లేకపోయినా నాకు రంగులు కనిపిస్తాయిగా."

కళ్లజోడు తలెత్తాడు. "ఈ కాగితం ఎంతమంది చదువుతారు?"

"ఇద్దరమే. నేనూ, మేస్త్రీ."

పైదా, కిందదా?

పొద్దున సంతకం దగ్గర మేస్త్రీ అడిగిన మాట అది. కళ్లజోడు పక్కనున్న ఇనప స్టూలు మీద కూలబడ్డాడు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ. కొందరికి ఆ మూడూ ఒక్క రంగే. సాఫ్ట్‌వేర్ తన ఇష్టానికి ఎంచుకున్నది సరిగ్గా ఆ మూడు రంగులే. పేర్లు వరుసగా రాసింది, గీతల సంగతి దానికి పట్టదు. పెట్టెలో మొదటి పేరు పైగీతది అని నాలుగేళ్లుగా అలవాటు పడిన మనిషి, తూర్పు ప్రమాదం అనుకున్నాడు. చివరి పేరు చూసి పడమర మంచిది అనుకున్నాడు. సొంత బావమరిదిని అందులోకి పంపాడు.

"ఏంటి బాబూ, అట్లా అయిపోయావు? నీళ్లు తాగుతావా?" అన్నాడు గాలితాత. "నేనూ కాస్త మెతుకులు తినాలి. రెండింటికి మళ్లీ పని మొదలంట."

ఆ మాట కళ్లజోడు చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఒకటిన్నరకు బయటికొచ్చి, దారిలో టీ కొట్టు దగ్గర కూర్చుని, తాగకుండానే రెండు టీలు చల్లార్చాడు. జేబులో ఉన్న కాగితం కూతుర్ని విడిపిస్తుంది, తండ్రిని ముంచుతుంది. ఆ తండ్రే దాన్ని వెతికి తెమ్మని తనను బతిమాలాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో సాక్ష్యాలు దొరికాయి, ఏదీ ఇంత ఏడిపించలేదు.

*

రెండూ నలభై అయిదుకు స్టేషన్లో అడుగుపెట్టేసరికి మేస్త్రీ అదే బెంచీ మీద ఉన్నాడు. ఈసారి బట్టలకు సిమెంటు దుమ్ము ఉంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"దొరికిందా బాబుగారూ? మా అమ్మాయి తప్పు లేదు కదూ?"

"లేదు," అన్నాడు కళ్లజోడు.

మేస్త్రీ రెండు చేతులూ జోడించాడు. కళ్లవెంట నీళ్లు జారిపోయాయి. "నాకు తెలుసండీ. నాకు తెలుసు. ఎవరండీ ఆ పాపిష్టివాడు?"

కళ్లజోడు మంగళవారం కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు. "ఇది ఫ్యాన్ల గదిలో దొరికింది. అసలుది. ఒకసారి చదివి చెప్పండి."

మేస్త్రీ కళ్లు తుడుచుకుని పెట్టె మీద వేలు పెట్టాడు. మొదటి పేరు, పైగీత. రెండో పేరు, నడిమి గీత. "తూర్పు పైనుంది. మధ్య దాని కింద. పడమర అడుగున. నేను చదివిందీ ఇదేనండీ. ఇది అసలుదైతే మరి..."

చప్పుడు విని గదిలోంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆయన భుజం మీదుగా తొంగిచూసి నవ్వాడు. "తూర్పేంటయ్యా నీ మొహం! పైనున్నది గోధుమరంగు. గోధుమరంగు పక్కన పడమర అని అంత స్పష్టంగా రాసుంటేనూ! గురువుగారూ, ఏంటి, ఈయనకి..."

నవ్వు సగంలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ తెలివితక్కువవాడేం కాదు. మేస్త్రీ మొహం చూశాడు, కాగితం చూశాడు, కళ్లజోడు వైపు చూశాడు.

కళ్లజోడు ఆదివారం కాగితం కూడా తీసి మొదటిదాని పక్కన పెట్టాడు. మేస్త్రీ వేలు ఆ డబ్బాల మీద, సున్నాల మీద, ముక్కోణాల మీద మెల్లగా నడిచింది.

"గ్రాఫులన్నీ ఇట్లాగే ఉంటాయనుకున్నానండీ," అన్నాడు చివరికి. "మొదటి పేరు పైగీత అని... ఎక్కడైనా అంతేననుకున్నా. కూతురు నాకోసం చేస్తోందని నాకు తెలీదు. నా సంగతి దానికి తెలుసనే నాకు తెలీదు." ఆదివారం కాగితాన్ని పక్కకు పెట్టాడు. "ఉద్యోగంలో చేరేప్పుడు రంగుల పరీక్ష పెట్టారు. నా బదులు వెళ్లి కూర్చున్నది నా బావమరిదే. ఇరవై ఆరేళ్లు వాడు తప్ప ఎవరికీ తెలీదనుకున్నా. వాణ్నే..."

కళ్లజోడు ఆయన బట్టలకేసి చూస్తున్నాడు. ఆ దుమ్ము పొద్దున లేదు. రెండింటికి మళ్లీ పని మొదలంట. అప్పుడు వినిపించిన మాట ఇప్పుడు బుర్రకెక్కింది.

"మేస్త్రీగారూ. ఈ మధ్యాహ్నం షిఫ్టు ఎవరు పంపారు?"

"నేనేనండీ. మేనేజరుగారు ఈసారి పేర్లన్నీ తనే సరిచూశానన్నారు. ఆరుగురిని పంపి, నేరుగా ఇటొచ్చా..." మాట్లాడుతూనే చొక్కా జేబులోంచి కాగితం లాగాడు. కళ్లజోడు దాన్ని లాక్కున్నాడు. పేర్లు సరిగ్గానే ఉన్నాయి: తూర్పు, మధ్య, పడమర. పైన గోధుమరంగు గీత.

"ఏ పాయలోకి?"

మేస్త్రీ అడుగున ఉన్న పేరు మీద వేలు పెట్టాడు.

రెండూ యాభై రెండు. ఇన్‌స్పెక్టరే ముందు ఫోను దగ్గరికి ఉరికాడు. కళ్లజోడు చెప్పిన నంబరు నొక్కి, అటువైపు ఫ్యాన్ల హోరు వినిపించగానే రిసీవర్ మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"తాతా! పడమటి పాయ! సైరను వెయ్యి, వాళ్లని బయటికి లాగు!"

"నువ్వే కదయ్యా పంపింది?" గాలితాత గొంతు గదంతా వినిపించింది. "కాగితం చూసేగా పంపావు? మేనేజరు మాట లేకుండా సైరను వేస్తే నన్ను రేపే ఇంటికి పంపుతారు. ఏమైందో చెప్పు ముందు!"

మేస్త్రీ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. లోపలి గది తలుపు వెనకనుంచి కూతురి కేక వినిపించింది. "నాన్నా, చెప్పొద్దు! నాన్నా, నీకు పుణ్యముంటుంది, చెప్పొద్దు!"

"నాకు రంగులు కనపడవు తాతా!" స్టేషన్ దద్దరిల్లేలా అరిచాడు మేస్త్రీ. "ఎరుపూ, పచ్చా, గోధుమా నాకు ఒక్కటే! మంగళవారం నేనే తప్పు చదివా. ఇప్పుడూ తప్పే చదివా. నీ కాగితం చూడు, నీ కళ్లతో చూడు! లాగు వాళ్లని!"

ఫోను బల్ల మీద పడేసిన చప్పుడు, తర్వాత సైరను కూత. స్టేషన్లో ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఎవరూ చెప్పకుండానే కానిస్టేబుల్ లోపలి తలుపు గడియ తీశాడు. ఆ అమ్మాయి వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఆయన కూతురి వైపు చూడలేదు. రిసీవర్ చెవికి అదిమిపెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు.

నాలుగు నిమిషాలు. అయిదు. ఫోనులో దగ్గులు, అరుపులు. గాలితాత ఒక్కొక్కరినే లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. మూడు, నాలుగు కలిసి. అయిదు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ అమ్మాయి తండ్రి చొక్కా అంచు పట్టుకుంది.

"ఆరు!" అన్నాడు గాలితాత. "మోసుకొచ్చారు. ఊపిరి ఉంది. ఆరుగురూ ఉన్నారయ్యా."

మేస్త్రీ రిసీవర్ పెట్టేసి బెంచీ మీద కూర్చున్నాడు. కొంతసేపటికి అడిగాడు: "నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"చిన్నప్పుడే నాన్నా. ఆకుపచ్చ పెన్సిలు ఇవ్వమంటే ఎర్రది ఇచ్చేవాడివి. నేను దాంతోనే ఆకులు వేసేదాన్ని." కన్నీళ్లు ధారగా కారుతున్నా ఆమె తుడుచుకోలేదు. "ఆ కొత్త వెర్షన్ వేసిన రోజే నేనొచ్చి చూసుకోవాల్సింది. ఆ పెట్టె అలాగే ఎందుకుండాలో ఎవరికో ఒకరికి చెప్పాల్సింది. చెప్తే నీ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తప్పు నాదేనన్నది అబద్ధం కాదు నాన్నా."

"అమ్మకి నేను చెప్తా," అన్నాడు మేస్త్రీ. "వాడు ఎట్లా పోయాడో. నేనే చెప్తా."

ఇన్‌స్పెక్టర్ ఈసారి వెటకారం ఆడలేదు. కూతురి వాంగ్మూలాన్ని పక్కన పెట్టి తెల్ల కాగితాలు తెప్పించాడు. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాడు. ఆఖరున అలవాటు కొద్దీ రెండు చోట్ల టిక్కులు పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. పెట్టాక కానీ ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. కొట్టేయబోయాడు.

కళ్లజోడు గోడవైపు తిరిగి నెత్తి మీది జోడు తీసి తుడుచుకుంటున్నాడు. అది తుడిచాక రెండోదీ తుడిచాడు.

మేస్త్రీ కలం పట్టుకుని ఆ రెండు గుర్తుల వైపూ చూస్తూ ఉండిపోయాడు. ఆ అమ్మాయి ముందుకు వంగింది. తండ్రి ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ తన వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ నాన్నా."